పాతరలో పోసిన చప్పుడు

ఆలూరులో లేవి ఇంటి వెనక రేకుల షెడ్డులో పొద్దున తొమ్మిదికి కంప్రెసర్ మొదలయ్యేది. బీరువాలకు రంగు కొట్టడం అతని పని. గాలి నిండేదాకా ఆ మిషను రేకులన్నిటినీ దడదడలాడించేది. సరిగ్గా ఆ వేళకే గోడ అవతలింట్లో ఓబుళేశుకు కునుకు పట్టేది.

జింకల మందలు వేరుశనగ చేను మేసిపోతున్నాయని ఓబుళేశు పంటకాలమంతా రాత్రిళ్లు చేలో కాపలా ఉండి, తెల్లారి వచ్చి పడుకుంటాడు. అయిదేళ్ల కూతురు యామిని ఇంట్లో గుసగుసలే తప్ప మాట్లాడి ఎరగదు. నాయనంటే ఆ పిల్లకు మూసిన తలుపు.

ఇదంతా లేవికి తెలియక కాదు. మిషను కాళ్ల కింద పాత టైరు ముక్కలు వేశాడు. వణుకు తగ్గింది, చప్పుడు తగ్గలేదు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే మేలని ఎవరో చెబితే, అట్టల కోసం ఇంటిల్లిపాదీ మూడు వారాలు గుడ్లకూరే తిన్నారు. చివరికి పెండ్లినాటి బొంత తెచ్చి మిషనుకు చుట్టాడు. మిషను వేడెక్కి ఆగిపోయింది, బొంత కాలింది, భార్య విశ్వాసమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ రెండు రోజులే ఇల్లు ప్రశాంతంగా ఉండింది.

ఒకరోజు ఓబుళేశు ఎర్రబడ్డ కళ్లతో షెడ్డు ముందు నిలబడ్డాడు.

"అప్పా లేవీ, ఇన్నాళ్లూ చెప్పేకి నోరు రాలేదు. నిన్న బండి మీదనే కునుకు పట్టి కాలవలో పడబోతిని. దసరా లోపల ఇంకో జాగా చూసుకో."

"యాడికి పోయేదన్నా? నాకుండేది ఈ షెడ్డే."

ఓబుళేశు మాటలో తప్పు లేదు. లేవిని ఎక్కువ బాధపెట్టింది అదే.

గోడ అవతల చాటలో జొన్నలు చెరుగుతున్న ఓబుళేశు తల్లి నాగలక్ష్మమ్మ ఇదంతా విని లేచింది. "మన పాతర ఖాళీగానే ఉండాది గదరా. ఆ చప్పుడంతా దాంట్లో పోయించు."

పాతరంటే వాళ్ల పెరట్లో, గోడ పక్కనే, ఒకప్పుడు జొన్నలు దాచిన లోతైన గొయ్యి. ఏది పోసినా దాచుకుంటుందని అందరికీ తెలుసు. చౌకబియ్యం వచ్చాక పోయడానికే ఏమీ లేకపోయింది. బండ తీసి, లోపలి గాలి మంచిదో కాదో చూడ్డానికి ముసలామె అలవాటు ప్రకారం దీపం దించింది. ఆరలేదు.

"ఇప్పుడు ఆడించు నాయనా," అంది.

లేవి స్విచ్చి వేశాడు. చప్పుడు ఒక్కసారి పైకి లేచి, గోడ దాటి, జొన్నలు జారినట్టు పాతరలోకి జారిపోయింది. షెడ్డులో స్ప్రే గన్ను బుస్సుమనడం ఒక్కటే మిగిలింది. లేవికి ఏడుపొచ్చినంత పనైంది.

నెల తిరిగేసరికి పాతర అంచుదాకా నిండింది. ఈ చప్పుడంతా ఎక్కడ పారబోయాలని లేవికి దిగులు పట్టుకుంది. ఓబుళేశు గడ్డం గోక్కున్నాడు.

"గోనెసంచులు ఉండాయా?"

ఎనిమిది సంచులకు ఎత్తి, మూతులు కట్టి, ఆటోలో చేనికి తీసుకుపోయారు. మూలకు రెండు చొప్పున పెట్టి, తాళ్లు కొంచెం సడలించారు. చప్పుడు దడదడమంటూ కొద్దికొద్దిగా కారసాగింది. చేను నడుమ మేస్తున్న జింకలు తలలెత్తి చూసి, ఒకదాని వెనక ఒకటి గట్టు దాటి వెళ్లిపోయాయి. మళ్లీ రాలేదు.

ఓబుళేశు రాత్రిళ్లు ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టాడు. లేవిని జాగా మారమన్న మాట మరి ఎత్తలేదు. పైగా పొద్దున్నే పాతరలోకి తొంగిచూసి, "ఈ వారం తక్కువ పడినట్టుండాదే లేవీ, ఇంకో బీరువా ఒప్పుకోరాదా" అని పోరు పెడుతున్నాడు.

ఒక సాయంత్రం మిషను ఆపి లేవి గన్ను కడుగుతున్నాడు. గోడ అవతల యామిని గొంతెత్తి అరిచింది.

"నాయనా, దొరికిపోయినావ్!"

ఆ పిల్లకు ఇంత గొంతుందని లేవికి అయిదేళ్లుగా తెలియదు. వెంటనే ఓబుళేశు పరుగు, ఇద్దరి నవ్వు. ఆ నవ్వు కొసన కాస్త సన్నబడింది. పాతర నోరు తెరిచే ఉంది.

లేవి చేతులు తుడుచుకుని, గోడ దూకి, బండ జరిపి పాతర మూసేశాడు.