పచ్చి ఇటుకల మీద పిచ్చుక

ఆరబెట్టిన పచ్చి ఇటుకల్ని రెండో పక్కకు తిప్పాలంటే వాటి మీద నడవాల్సిందే. పెద్దవాళ్ళ కాలు పడితే ఇటుక అణిగిపోతుంది. అందుకని బట్టీలో అది పిల్లల పని.

“ఇది నడిస్తే ఇటుక్కి కూడా తెలీదు, పిచ్చుక” అనేవాడు మేస్త్రి. ఎనిమిదేళ్ళ ఆ పిల్లకు అదే పేరైపోయింది.

పక్క గుడిసె పిల్ల బరువెక్కింది. ఇటుకల మీద అడుగుల గుర్తులు పడుతున్నాయని మేస్త్రి మాన్పించాడు. ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. అది చూసినప్పటి నుంచి పిచ్చుక తల్లి తన గిన్నెలో సగం కూతురి గిన్నెలో వేస్తోంది.

“కూతుర్ని మేపుతున్నావా, కొత్తల్లుణ్ణా వదినా?” అని నవ్వింది పక్కింటావిడ.

“ఎదిగే పిల్ల కదా వదినా” అంది తల్లి.

“ఈ ఏడైనా పంపమ్మా” అని పంతులమ్మ బట్టీ దాకా వచ్చి చెప్పింది. “ఇంకా ఆగితే చిన్నపిల్లల మధ్య కూర్చోడానికి దానికే సిగ్గేస్తుంది.”

బడి తెరిచే వారంలోనే ఒక ఉదయం నాలుగైదు ఇటుకల మీద మడమల గుర్తులు కనిపించాయి. తల్లి గుండె ఝల్లుమంది. భయంతో కాదు.

మేస్త్రి వంగి చూశాడు. యజమాని కంట పడకుండా ఆ ఇటుకల్ని కాలితో చిదిమి మట్టిలో కలిపేశాడు.

“సరే, దీన్ని బడికి పంపుకో. రేపట్నుంచి నీ చిన్నోణ్ణి పనిలోకి దింపు.”

“వాడికి నాలుగేళ్ళే అన్నా.”

“తిప్పే పిల్లలు లేకపోతే గుడిసె ఖాళీ చెయ్యమంటాడు యజమాని.”

“మరి పక్కింటోళ్ళు ఉంటున్నారుగా?”

“వాళ్ళకి ఇంకో బిడ్డ లేదని యజమాని చేతులు పట్టుకుని బతిమాలా. నీకున్నాడుగా, ఏం చెప్పమంటావ్?”

తల్లి చిన్నోడి వైపు చూసింది. వాడు ఇసుకలో కూర్చుని చీమల దారికి అడ్డంగా పుల్లలు పెడుతున్నాడు.

“వాడికేం వచ్చు, నాలుగు విరగ్గొడతాడు” అంది పిచ్చుక. “నేనే తిప్పుతా మావా. వేళ్ళ మీద నడుస్తా.”

నడిచి చూపించింది. గుర్తులు పడలేదు. మేస్త్రి తల తిప్పుకుని, “ఎండెక్కేలోగా కానీ” అంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర పిచ్చుక తన గిన్నె తమ్ముడి ముందుకు జరిపింది.

“నువ్వు తినవే?”

“వద్దమ్మా. వాణ్ణి తిననీ.”

వాడు చాలని మూతి తిప్పుకున్నాడు. పిచ్చుక గడ్డం పట్టుకుని ఇంకో ముద్ద పెట్టింది.

“తినరా. వచ్చే ఏటికి నువ్వు బాగా బరువెక్కాలి.”

తల్లి చెయ్యి చాచింది. గిన్నె వెనక్కి లాగాలో, అలాగే ఉంచాలో తెలియక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.