గోలీ మింగిన మగ్గం

కొత్తవాడలో తెల్లారితే ముందు మగ్గాలే వినిపిస్తాయి. జంపఖానాలు నేసే ఆ వీధిలో పోగును దగ్గరికి కొట్టే పలక, ఎవరి మగ్గానిది వాళ్ల గుండెతో పాటు తనంతట తానే కొట్టుకుంటుంది, మనిషి వంటింట్లో ఉన్నా సరే. ఒంట్లో బాగాలేదంటే నాడి చూడరు, మగ్గం దగ్గర నిలబడి వింటారు.

సరోజన మగ్గం చప్పుడు వీధికంతా గట్టిది. నోరూ అంతే. భర్త గుండయ్య కల్లు కాంపౌండు నుంచి తూలుతూ వచ్చిన ప్రతి సాయంత్రం వాకిట్లోనే నిలబెట్టి కడిగేసేది. పరువు పోతోందని ఆయన ఆమెను ఆర్‌ఎంపీ కిషన్ రావు దగ్గరికి తీసుకుపోయి, నరాల బలహీనతని చెప్పాడు. కిషన్ రావు మత్తు గోలీలిచ్చి, పూటకు సగమే వెయ్యమన్నాడు. ఇల్లు చల్లబడటం చూసి గుండయ్య ఆమెకు పూటకు ఒకటి వేశాడు, తర్వాత రెండు.

మగ్గం నెమ్మదించింది. పనిమంతుడు కదా, దానికి నూనె పెట్టాడు, తాళ్లు బిగించాడు. మనిషిని మాత్రం చూడలేదు. పీట మీది నుంచి లేస్తే ఆమెకు కళ్లు చీకట్లు కమ్మేవి, చేతులు చల్లబడేవి. వేడి చేసిందని తేల్చి, చలవకని ఒక ఆదివారం మధ్యాహ్నం సీసాడు కల్లు తాగించాడు. అందులోనూ మత్తుమందే కలుపుతారని ఆయనకు తెలుసు. తెలిసే తాగించాడు.

సరోజన గోడకు ఒరిగింది. పలక ఒకసారి కొట్టి, చాలాసేపటికి మరోసారి కొట్టి, ఆగింది.

"గుండన్నా, మీ మగ్గం సప్పుడు ఇనొస్తలేదు," అంది పక్కింటి రాజక్క.

గుండయ్య మగ్గం గుంటలోకి దిగి తన చేత్తో పలక కొట్టసాగాడు. రాజక్క అంబులెన్సు పిలిచి సరోజనను దవాఖానకు తీసుకుపోయింది. బీపీ అంత పడిపోయిన మనిషి ఎట్లా బతికిందని డాక్టర్లు అడిగితే, ఇంటికాడ మగ్గం నడుస్తాంది సార్ అంది రాజక్క. రెండు రోజులు గుండయ్య చెయ్యి ఆపలేదు.

మూడోనాడు ఇంటికొచ్చిన సరోజన, గుంటలో ఇంకా పలక కొడుతున్న ఆయనను చూసింది.

"నోరు మూపిచ్చినవ్. ఇగ గుండె గూడ నీ చేతికే తీసుకున్నవా?"

ఆమె ఆయనతో అన్న ఆఖరి మాట అదే. ఆయన చేతికి అలవాటుపడ్డ పలక, మళ్లీ తనంతట తానే కొట్టుకుంటున్నా, ఆయన వీధి దాటితే ఆగిపోతోంది. గుండయ్య కాంపౌండు మానేశాడు, ఎక్కడికీ పోడు. ఒక సాయంత్రం ఉండబట్టలేక, "జర తిట్టరాదే, సరోజనా," అని బతిమాలాడు.

ఆమె అన్నం కంచం ముందు పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.