ఎమ్మెట్ గాస్కిన్ పట్టుకున్న లోపం

తెలియని విషయం గురించి కూడా తడుముకోకుండా మాట్లాడటం ఎమ్మెట్ గాస్కిన్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. అది విద్య కాదు, జబ్బని అతనికీ తెలుసు. రోజూ అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, "ఇవాళైనా నోరు అదుపులో పెట్టుకోరా నాయనా" అని తనకు తానే బుద్ధి చెప్పుకునేవాడు. హ్యూస్టన్ పొలిమేరలోని శిక్షణ కేంద్రం గేటు దాటేసరికి ఆ బుద్ధి కాస్తా గాలికి పోయేది.

అది అరవై ఎనిమిది వేసవి. చంద్రుడి మీద దిగబోయేవాళ్లు ముందు ఈ నేల మీదే దిగడం నేర్చుకునే సిమ్యులేటర్‌కు ఎమ్మెట్ బాధ్యుడు. బయటినుంచి చూస్తే ఇల్లు మారేటప్పుడు సామాను పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పడేసినట్టుండేది. లోపల మాత్రం అసలు నౌకలాగే మీటలు, దీపాలు, కిటికీలో చంద్రుడి నేల. నడిపే మనిషి ముందు దారి చూపే కంప్యూటర్ అంకెలు వెలుగుతుండేవి. ఎంత ఎత్తులో ఉన్నదీ, ఎంత వేగంతో పడుతున్నదీ చెప్పేవి అవే.

ఆ వారం ఆ అంకెలకు తెగులు పట్టుకుంది. కల్నల్ థేయర్ రాడ్‌మన్ దిగడం మొదలుపెడతాడు. అంతా సవ్యంగానే సాగుతుంది. తీరా దిగవలసిన చోటు కిటికీలో కనబడగానే అంకెలు చటుక్కున మాయమైపోతాయి, హెచ్చరిక దీపం వెలుగుతుంది, కంప్యూటర్ అప్పుడే నిద్ర లేచినట్టు మళ్లీ మొదటికొస్తుంది. అది ఒళ్లు విరుచుకునేలోపు నౌక వెళ్లి చంద్రుడికి గుద్దుకుంటుంది.

"ఈ వారంలో చచ్చినన్నిసార్లు నేను కొరియా యుద్ధంలో కూడా చావలేదు," అన్నాడు కల్నల్ బయటికి వస్తూ.

ఎమ్మెట్ మొదట ప్రోగ్రామ్‌ను అనుమానించాడు. దాన్ని రాసినవాళ్లు ఎక్కడో బోస్టన్ వైపు ఉన్నారు కాబట్టి అనుమానించడం సులువైంది. వాళ్ల పెద్ద లియోనార్డ్ వెక్స్లర్‌కు ఫోన్ చేసి, ప్రోగ్రామ్ ఎలా రాయాలో పాఠం చెప్పాడు. తను జీవితంలో ఒక్కటీ రాయలేదన్న సంగతి మధ్యలో గుర్తొచ్చినా ఆగలేదు. వెక్స్లర్ ఓపిగ్గా విని, "మా దగ్గర ఒక్కసారి కూడా అలా కాలేదండీ. అయినా మళ్లీ చూస్తాం," అన్నాడు. పాపం, ఆయన మనుషులు సెలవులు మానుకుని వెతికారు. ఏమీ దొరకలేదు.

తరువాత ఎమ్మెట్ కరెంటును అనుమానించాడు. తరువాత ఎండను. తరువాత ఎలుకలను. ఎలుకల మాట ఎత్తినందుకు కింది అంతస్తువాళ్లు అతని బల్ల మీద జున్నుముక్క పెట్టి వెళ్లారు. దాన్ని అతనే తినేశాడు.

చివరికి అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు ఒంటరిగా సిమ్యులేటర్‌లో కూర్చుని తనే నడిపి చూశాడు. అంకెలు చెక్కు చెదరలేదు. మళ్లీ నడిపాడు. మళ్లీ అంతే. అతని మొహం వెలిగిపోయింది.

"కల్నల్‌గారూ, లోపం దొరికింది," అన్నాడు అందరూ తిరిగి రాగానే.

"ఎక్కడ?"

"మీలో."

యంత్రాన్ని బయటినుంచి నడిపే బల్ల దగ్గర కూర్చున్న వెర్నా ప్రూయిట్ చల్లటి టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె ఎమ్మెట్‌తో పాటే ఈ సిమ్యులేటర్‌ను మొదటినుంచీ నిలబెట్టిన లెక్కల మనిషి. "ఎమ్మెట్, ఇప్పటికైనా మించిపోయింది లేదు, నోరు మూసుకో," అంది.

కానీ నోరు అప్పటికే బయల్దేరిపోయింది. కల్నల్ మోచెయ్యి ఎక్కడో తగులుతోందనీ, ఇంత గొప్ప పైలట్లకు ఇలాంటివి గమనించే అలవాటు ఉండదనీ వివరించింది.

కల్నల్ కోప్పడలేదు. "అయితే మా కళ్లముందు నడిపి చూపించు, గురువుగారూ," అన్నాడు.

ఎమ్మెట్ నడిపాడు. నౌక దూదిలా దిగింది. పెళ్లికొడుకులా బయటికొచ్చాడు. ఈసారి కల్నల్ లోపలికెళ్లాడు. దిగే చోటు కిటికీలో కనబడగానే ఎమ్మెట్ ఎప్పటిలాగే తలుపు దగ్గరి ఇనప మెట్టెక్కి, ఆయన భుజం మీదుగా తొంగి చూశాడు. అంకెలు మాయం.

"చూశారా!" అన్నాడు.

"చూశాను," అంది వెర్నా. "నువ్వు నడిపినప్పుడు ఆ మెట్టు మీద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"కల్నల్ నడిపినప్పుడు?"

"నేనే. ఆ చోటు కనబడితే చూడకుండా ఎలా ఉండగల..." మాట సగంలో తెగింది. అలా తెగడం అతనికి కొత్త.

కల్నల్ మళ్లీ నడుపుతుంటే అతన్ని నడవాలోకి పంపేశారు. కూల్‌డ్రింకుల మిషను పక్కన నిలబడి, అంకెలు పోవాలని దేవుణ్ణి వేడుకున్నాడు. తన పరువు కోసం ఓ మంచి మనిషి చంద్రుడికి గుద్దుకోవాలని మొక్కుకుంటున్నానని తట్టి సిగ్గుపడ్డాడు. అయినా మొక్కు ఆపలేదు. లోపలినుంచి చప్పట్లు వినిపించాయి.

ఇక మిగిలింది తనను తాను పరీక్షించుకోవడం. వెర్నా మెట్టెక్కింది, ఏమీ కాలేదు. కల్నల్ ఎక్కాడు, ఏమీ కాలేదు. ఎమ్మెట్ ఎక్కాడు, దీపం వెలిగింది.

"దానికి నువ్వంటే గిట్టదోయ్," అన్నాడు కల్నల్.

ఎమ్మెట్ జేబులో పెన్నులు తీసేశాడు. గడియారం తీశాడు. బెల్టు, బూట్లు విప్పాడు. చిరుగు మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తుండగా, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని మెట్టెక్కాడు. మళ్లీ దీపం. అప్పుడు వెర్నానీ కల్నల్‌నీ ఇద్దరినీ కలిసి ఎక్కమన్నాడు. అంకెలు పోయాయి.

"బరువు!" అని ఆనందంతో కేకేశాడు. ఆ ఇద్దరికీ కలిపి ఎంత ఉందో తనొక్కడికే అంత ఉందని చాటింపు వేశానని తరువాత తెలిసింది.

నేల మీద బోర్లా పడుకుని మెట్టు రేకు విప్పాడు. దాని కింద నుంచే కరెంటు వైర్ల కట్ట పోతోంది. రేకు మీద అంత బరువు పడగానే అది కుంగి వైరు ప్లగ్గును వెంట్రుకవాసి కదిలిస్తోంది. రెప్పపాటు కరెంటు పోతోంది. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదలవడం ఆ కంప్యూటర్‌కు నేర్పిన పద్ధతే. గదిలో ఇన్నాళ్లూ తన పని తాను సరిగ్గా చేసినది అదొక్కటే అన్నమాట.

స్క్రూడ్రైవర్ అందుకోబోతే కల్నల్ ఆపాడు. "బిగించకు. రేకు వేసి ఇంకోసారి ఎక్కు."

"ఎందుకండీ?"

"ఇన్నిసార్లు నన్ను చంపినదాన్ని ఊరికే వదిలిపెడతానా?"

ఎమ్మెట్ మేజోళ్లతోనే ఎక్కాడు. అంకెలు పోయాయి. కల్నల్ వాటివైపు చూడనేలేదు. కిటికీలోకి చూస్తూ, నేల మీద నీడల్ని బట్టి ఎత్తు అంచనా వేసుకుంటూ, మీటను వేళ్లతో ఇంతింత కదిపాడు. ఆయన మెడ మీద చెమట కాలరులోకి జారింది. ఆ మెడ నిజంగానే చంద్రుడి దాకా వెళ్తుందని ఎమ్మెట్‌కు అంతవరకూ తట్టలేదు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా తలుపు అంచు పట్టుకుని నిలబడ్డాడు. నౌక కాస్త ఒరిగి, కుదుపుతో దిగింది.

"బతికాం," అన్నాడు కల్నల్.

ప్లగ్గు బిగించి, రేకు కింద దిమ్మ పెట్టి, బెల్టు కట్టుకుని ఎమ్మెట్ బోస్టన్‌కు ఫోన్ చేశాడు.

"దొరికిందండీ," అన్నాడు.

"ప్రోగ్రామ్‌లోనా?" అని అడిగాడు వెక్స్లర్.

"కాదండీ. నాలో." జరిగిందంతా చెప్పాడు, మేజోడు సంగతితో సహా.

అటువైపు చేత్తో ఫోన్ మూసినా గదంతా నవ్వుతున్నట్టు వినబడింది. "గాస్కిన్‌గారూ, మావాళ్లు ఒక్క మాట అడగమంటున్నారు. అసలు నౌక మీరెక్కే ప్రమాదం ఏమైనా ఉందా?"

"లేదండీ, దానికి బరువు పరిమితి ఉంది," అని తనూ నవ్వి, గొంతు తగ్గించాడు. "మీ సెలవులు పాడు చేశాను. క్షమించండి."

"నాదేముంది లెండి. పిల్లల్ని చెరువుకు తీసుకెళ్తానని మా ఆవిడకు మాటిచ్చి తప్పాను. ఆ క్షమాపణేదో ఆమెకు చెప్పండి."

"ఇవ్వండి నంబరు."

ఆయన సరదాకే అన్నాడు గానీ, ఎమ్మెట్ నిజంగానే ఫోన్ చేశాడు. ఆవిడ ఏమన్నదో వెర్నా ఎంత గుచ్చి గుచ్చి అడిగినా మాత్రం చెప్పలేదు.