మూతపడిన భోషాణం

బస్సు దగ్గర భవానీదేవి టీచరు పిల్లల్ని లెక్కపెట్టి, అనుమానంతో మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. ఒకరు తగ్గారు.

"శ్రీకళ ఏదే?" అని సత్యదుర్గని అడిగింది. ఆరో తరగతి నుంచీ వాళ్ళిద్దరిదీ ఒకటే బెంచీ.

"నాకేం తెలుసండి," అంది సత్యదుర్గ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

తెలుసు. పొద్దున్న మలికిపురం నుంచి వస్తూంటే, "నీ సంచీ కూడా చేపల కంపేనే" అని శ్రీకళ నవ్వులాటకి అంది. బస్సంతా నవ్వింది. వేటకెళ్ళే తండ్రి గుర్తొచ్చి సత్యదుర్గకి ఆ మాట ముల్లులా దిగింది. తర్వాత మ్యూజియంలో ఎక్కడా శ్రీకళ పక్కన నిలబడలేదు. అందరూ బయటికొస్తున్నప్పుడు శ్రీకళ ఒక్కతీ పడమటి గదిలోకి తిరిగి వెళ్ళడం చూసింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి తనవైపు నవ్వడం కూడా చూసింది. చూడనట్టు వచ్చేసింది.

రాజోలు దగ్గర గోదావరి గట్టు కిందున్న ఆ మండువా ఇల్లు ఒకప్పుడు వేదం చెప్పిన కుటుంబానిది, ఇప్పుడు మ్యూజియం. అక్కడే పుట్టి పెరిగిన గౌరీశంకరం గారే ఇప్పుడు వచ్చినవాళ్ళకి దాన్ని చూపిస్తారు. ఆయనా టీచరూ పేరు పెట్టి పిలుస్తూ వసారాలన్నీ తిరిగారు. డ్రైవరు గంగబాబు గట్టు మీదికి పరిగెత్తాడు. ఎక్కడా పలుకు లేదు.

టీచరు పెరట్లో బావి దగ్గరికి వెళ్ళి లోపలికి వంగింది. శ్రీకళా అని బావిలోకి ఆమె పిలిచిన కేక బస్సులోకి వినిపించింది. సత్యదుర్గ ఒక్క ఉదుటున దిగి పరిగెత్తింది.

"టీచర్ గారండీ, పడమటి గదిలోకి వెళ్ళిందండి. నేను చూసేను!"

"ఇందాక అడిగితే చెప్పవే?"

జవాబు వినడానికి ఆగకుండా టీచరు లోపలికి పరిగెత్తింది.

పడమటి గదిలో గోడవారగా టేకు భోషాణం ఉంది. ఇద్దరు మనుషులు పడుకునేంత పెద్దది. గౌరీశంకరం గారి చూపు నేలమీద పడున్న చెక్కముక్క మీద ఆగింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ చెక్క అడ్డం పెట్టి మూత ఎత్తి ఉంచుతామండి. పడిందంటే లోపల తాళం దానంతటదే పడిపోద్ది. తాళంచెవి మా నాన్నగారి హయాంలోనే పోయింది."

టీచరు రెండు చేతులతో మూత మీద బాదింది. లోపల్నుంచి ఏదో గీరినట్టు సన్నటి చప్పుడు.

"గునపం! గంగబాబూ, పెరట్లో గునపం!" అని అరిచారు గౌరీశంకరం గారు.

సత్యదుర్గ మోకాళ్ళ మీద కూలబడి తాళం కన్నానికి నోరు ఆన్చింది. "శ్రీకళా, నేనే, దుర్గని. ఇక్కడ కన్నం ఉందే. నీ మూతి ఇటు పెట్టు. గాలొస్తుంది. వింటున్నావా?"

కన్నం పక్కన వేళ్ళతో తట్టింది.

"ఒసే, నాకు కోపం లేదే. ఇటు జరగవే!"

లోపల ఏదో బరువుగా దొర్లిన చప్పుడయింది. సత్యదుర్గ చెంప ఆన్చింది. కన్నంలోంచి వేడి ఊపిరి సన్నగా తగిలింది. ఒకసారి తగిలి, ఆగి, మళ్ళీ తగిలింది.

గంగబాబు గునపం తెచ్చాడు. మూత మీద చిలకలు చెక్కి ఉన్నాయి. అతను ఆగి గౌరీశంకరం గారి వైపు చూశాడు. "పాతకాలం నాటిది కదండీ..."

"ఇలా తే!" ఆయనే గునపం లాక్కుని మూత సందులో గుచ్చి, ఒంటి బరువంతా వేశారు. కర్ర కిర్రుమంది గానీ కదల్లేదు. గంగబాబు కూడా చెయ్యి వేశాడు. రెండోసారికి చిలకల మధ్యగా పలక నిలువునా చీలింది. మిగిలింది చేతులతోనే పీకారు. టీచరు వేళ్ళకి పేళ్ళు గుచ్చుకుని రక్తం కారుతున్నా ఆమె చూసుకోలేదు.

శ్రీకళని ఎత్తి మండువాలో పడుకోబెట్టారు. చెమటతో తడిసి ముద్దయింది. పెదవులు నల్లబడ్డాయి. కాసేపటికి కళ్ళు తెరిచి సత్యదుర్గని వెతుక్కుంది.

"నువ్వు చూసేవు కదే. నన్ను వెతుక్కుంటూ వస్తావని పెట్టెలో దాక్కున్నాను. ఎవరో వస్తున్న చప్పుడైతే నువ్వే అనుకుని చెక్క లాగేసేను."

ఆసుపత్రిలో డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాక, శ్రీకళ తల్లి సరోజిని బయట వరండాలోకి వచ్చింది. బల్ల మీద కూర్చున్న సత్యదుర్గని గుండెకి హత్తుకుంది.

"టీచరు గారు చెప్పేరమ్మా. ఆ కన్నం దగ్గర నువ్వు లేకపోతే నా పిల్ల దక్కేది కాదంట."

సత్యదుర్గ ఆమె చేతుల్లోంచి తల పైకెత్తింది. ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ అడగడం లేదు.

"కాదండి అత్తా. అది లోపలికెళ్ళడం నేను ముందే చూసేనండి. టీచరు గారు అడిగితే తెలీదన్నాను. కోపంలో ఉన్నానండి."

సరోజిని చేతులు వదులయ్యాయి. వెనక్కి జరిగి గుమ్మానికి జారబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

లోపల మంచం మీంచి శ్రీకళ నీరసంగా పిలిచింది.

"అమ్మా, దుర్గ ఉందా? ఉంటే లోపలికి రమ్మను."

సరోజిని కళ్ళు తుడుచుకుని, తలుపుకి అడ్డం తప్పుకుంది.