ముక్కలు చేయని కోడి

అన్యాయం జరిగింది ఎవరికి, ఎలా? జరిగింది జంపక్కకు. పాల్వంచలో మా తమ్ముడు క్రీస్తుదాసు ఇంట వంట చేసే ఆమె, ప్రతి ఈస్టరుకూ ములకలపల్లి దగ్గరి తన ఊరి నుంచి స్వయంగా పెంచిన కోడిని తెచ్చేది. కూర వండేదీ ఆమే. వడ్డించేది మాత్రం నా తమ్ముడు. ఆమె పళ్ళెంలోకి ఏటా మెడముక్కే వచ్చేది. కూరలో ఏ ముక్క ఎవరికి పోయిందో ఎవరూ అడగరు.

ఈ ఏడు వంట నేను చేస్తానన్నాను. మెడ కూడా తీయకుండా, ఆమె తెచ్చిన కోడికి పుదీనా, కొత్తిమీర, వెల్లుల్లి నూరి కలిపిన వెన్న పట్టించి మొత్తంగా ఓవెన్‌లో కాల్చాను. ట్రేలో దిగిన రసాన్ని మిరియాలు, నిమ్మరసంతో చిక్కబడేదాకా మరిగించాను. అందరూ కూర్చున్నాక కోడి ఉన్న పళ్ళెమూ కత్తీ తెచ్చి జంపక్క ముందు పెట్టాను.

“గిదేందమ్మా, కోడి పొదిగినట్టే కూసున్నది!” అంది ఆమె.

“నువ్వే కోసి పంచు,” అన్నాను.

“పంచుడు నాకు అలవాటే గదా అక్కా,” అంటూ తమ్ముడు కత్తి కోసం చెయ్యి చాపాడు.

“మీ అలవాటు నాకెరుకే సారూ. కూసోండ్రి.”

ఆమె రెండు తొడలూ కోసి తన పళ్ళెంలో వేసుకుని, పైన రసం పోసుకుంది. మిగతావాళ్ళకు రొమ్ము ముక్కలు వేసింది. చివరికి మెడను తమ్ముడికి పెట్టింది.

“గింతేనా?”

“అవ్ సారూ. ఇన్నేండ్లు నేను గదే తిన్న.”

తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఉప్పు అందించాను. అతడు ఎముకలే మిగిలేదాకా తిన్నాడు. పాత బాకీ పూర్తిగా తీరింది.