స్టేషను గోడ మీద పేరు

ఆ ఊళ్ళో మూడు సర్కారు కట్టడాలు ఊరికే పడున్నాయి. పోలీసు స్టేషను పట్నం స్టేషనులో కలిసిపోయింది. పశువుల ఆసుపత్రి పక్క ఊరికి తరలిపోయింది. విత్తనాల గోదాములో గింజ లేదు గానీ, ఎలుకలు మాత్రం కాపురం ఎత్తేయలేదు. వీటిని ఏం చేసుకుంటారో సభ పెట్టి మీరే తేల్చుకోండి, తేల్చుకోకపోతే వేలం వేసేస్తామని పై ఆఫీసు నుంచి కబురొచ్చింది.

గోదామూ ఆసుపత్రీ ఏమైపోయినా బోర్డులమ్మాయికి పట్టదు. స్టేషను మీద మాత్రం ఆమెకు కన్నుంది. నలభై దాటినా ఊరికి ఆమె ఇంకా అమ్మాయే. బజారులో ఏ కొట్టు మీద బోర్డు చూసినా అది ఆమె చేతి రాతే.

నిజానికి ఆ పని వాళ్ళ అన్నయ్యది. అన్నయ్య చేత్తో గీత గీస్తే స్కేలు సిగ్గుపడేది. ఆ రోజుల్లో ఎవరో రాత్రికి రాత్రి స్టేషను గోడ మీద "లంచం బయట పెట్టి లోపలికి రండి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపోయారు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు. అప్పటి ఇన్‌స్పెక్టరుకి మాత్రం తెల్లారేసరికి తెలిసిపోయింది. "ఊళ్ళో ఇంత చక్కగా రాసేవాడివి నువ్వొక్కడివే కదరా!" అని అన్నయ్యని లాకప్పులో వేశాడు. చక్కగా రాయడమే నేరమైంది. బయటికొచ్చేసరికి అతని కుడిచేతి వేళ్ళు ఎటువి అటు వంకరపోయి ఉన్నాయి. కుంచె సంగతి దేవుడెరుగు, ఆ చెయ్యి భుజం దాకా కూడా లేవదు.

ఇల్లు గడవాలి గనక చెల్లెలు కుంచె పట్టింది. మొదట్లో ఆమె అక్షరాలు చీమలబారులా గోడ పైకి పాకేవి. అన్నయ్య పక్కన కూర్చుని చెబుతుంటే పెద్దక్షరాలు పట్టుబడ్డాయి. చిన్నవి మాత్రం ఇప్పటికీ పట్టుబడలేదు. కుంచె ముంచిన ప్రతిసారీ ఆమెకి ఆ లాకప్పు గుర్తొస్తుంది. 

ఇన్‌స్పెక్టరు రిటైరై ఆ ఊళ్ళోనే మేడ కట్టుకున్నాడు. మీసాలు నెరిశాయి, జనానికి మరుపొచ్చింది, ఆయన పెద్దమనిషైపోయాడు. ఇప్పుడాయనకి స్టేషను మీద తన పేరుండాలని కోరిక పుట్టింది. బాగుచేయించే ఖర్చంతా నాదేనని ఊరంతా చాటుకున్నాడు కూడా.

"అన్నయ్యా, విన్నావా? నిన్ను కొట్టిన గదికి ఆయన పేరట," అంది బోర్డులమ్మాయి, పళ్ళు కొరుకుతూ.

"వదిలెయ్యవే చెల్లీ. పోయిన వేళ్ళు తిరిగొస్తాయా?"

"రావు. అందుకే వదల్ను."

సభ గోదాములోనే పెట్టారు. పై ఆఫీసు నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు ఎలుకల్ని చూసి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు లేచి మీసం దువ్వుకున్నాడు. ఆయన భయం ఆయనది. ఆయన అల్లుడేమో స్టేషనులో చదువుకునే గది పెడదామంటున్నాడు, ఊరి కుర్రాళ్ళేమో కసరత్తుకి కావాలంటున్నారు. ఎవరు గెలిచినా తన పేరు మాత్రం పోకూడదు.

"పుస్తకాలే పెట్టుకుంటారో, కండలే పెంచుకుంటారో, ఊరి ఇష్టం. అది తర్వాత. ముందు పేరు తేల్చండి. ఏ పనికి వాడినా గుమ్మం పైన నా పేరుండాలి, ఖర్చు నేను పెట్టుకుంటాను. రాసుకోవయ్యా ఆఫీసరూ!"

"అయితే ముందు పేరు సంగతి. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి," అన్నాడు ఆఫీసరు.

అందరికంటే ముందు లేచిన చెయ్యి బోర్డులమ్మాయిది.

పక్కనున్న టీకొట్టు అత్త నోరు తెరిచింది. "నీకు మతి పోయిందటే?"

"ఎత్తు అత్తా, చెబుతాగా."

ఇన్‌స్పెక్టరు పొంగిపోయాడు. "చూశారా! పాతవేవీ మనసులో పెట్టుకోని పిల్ల!" అన్నాడు నలుగురూ వినేట్టు. ఆ మాటకి ఆమె ఒళ్ళు భగ్గుమంది. అయినా చెయ్యి దించలేదు. ఆమెని చూసి మిగతా వాళ్ళూ ఎత్తారు. వెనక బస్తాల మీద కూర్చున్న అన్నయ్య ఒక్కడే ఎత్తలేదు. ఎత్తుదామన్నా లేచే చెయ్యి కాదది.

ఆఫీసరు రాసుకుని, "ఇక ఏ పనికో చెప్పండి," అన్నాడు. బోర్డులమ్మాయి లేచి నిలబడింది.

"ఆడవాళ్ళకి మరుగుదొడ్లు."

ఎలుకలు కూడా చప్పుడాపినట్టయింది.

"సంత రోజున మేం ఎక్కడికెళ్ళాలి? స్టేషను సంతకి ఎదురుగానే ఉంది. గోడలు మందం. కుళాయి ఉంది. లాకప్పు గదిలో నేల కడిగితే నీళ్ళు పోవడానికి తూము కూడా ఉంది. ఆ గదిని అన్నిసార్లు ఎందుకు కడగాల్సొచ్చేదో సార్‌కి తెలుసు, మా అన్నయ్యకి తెలుసు."

ఎవరూ తలెత్తలేదు. మరుపొచ్చిన వాళ్ళందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. అప్పుడు టీకొట్టు అత్త రెండు చేతులూ ఎత్తేసింది.

"నా ఓటు దీనికే! పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని కూర్చునేది మేమయ్యా, మీసాలున్నవాళ్ళు కాదు!"

ఆడవాళ్ళ చేతులన్నీ లేచాయి. భార్యల మొహాలు చూసి మగవాళ్ళవీ లేచాయి. కసరత్తు కుర్రాళ్ళు కూడా నవ్వాపుకోలేక ఎత్తేశారు.

"అయితే నా పేరు తీసెయ్యండి!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"ఎలా తీస్తాం సార్? ఏ పనికి వాడినా ఉండాలని తమరే రాయించారు కదా," అన్నాడు ఆఫీసరు, ఎంతో మర్యాదగా.

ఇన్‌స్పెక్టరు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. ఖర్చు పెట్టనంటే మీసం పోతుంది, పెడితే పేరు పోతుంది. చివరికి పెట్టాడు. మీసం మీద మమకారం అలాంటిది.

పని పూర్తయ్యాక గుమ్మం పైన పేరు రాయడానికి బోర్డులమ్మాయి నిచ్చెనెక్కింది. అన్నయ్య కింద రాయి మీద కూర్చున్నాడు. లాకప్పు నుంచి బయటపడ్డాక ఆ గుమ్మం దాకా అతను రావడం మళ్ళీ ఇదే. దారంతా చెల్లెలి వెనకే తలొంచుకుని నడిచాడు. చెల్లెలికి లోలోపల భయంగానే ఉంది, అన్నయ్యని ఇక్కడికి లాక్కొచ్చి తప్పు చేశానా అని.

మొదటి అక్షరం పడిందో లేదో, ఇన్‌స్పెక్టరు గొడుగు చాటున ఒంటరిగా వచ్చాడు.

"అమ్మాయ్, జరిగిందేదో జరిగిపోయింది. పేరు రాయక తప్పదు, సరే. కాస్త చిన్నక్షరాలతో ఓ మూల రాయమ్మా. మనవలున్నవాణ్ణి. నీకు దణ్ణం పెడతాను."

దణ్ణం పెట్టాడు కూడా. ఆ చేతులు జోడించగా చూడాలని ఆమె ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది. కళ్ళారా చూసింది. జాలేమీ కలగలేదు.

"చిన్నక్షరాలు నాకు రావు సార్. మా అన్నయ్యకి వచ్చు. ఆయన్నే అడగండి."

ఇన్‌స్పెక్టరు అన్నయ్య వైపు తిరిగాడు. అన్నయ్య కుడిచేతిని ఒళ్ళో నుంచి తీసి, ఆయనకి కనబడేలా మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గొడుగు కిందికి దించుకుని వెళ్ళిపోయాడు.

గొడుగు మలుపు తిరిగేదాకా అన్నాచెల్లెళ్ళిద్దరూ అటే చూశారు.

"ఏమే," అన్నాడు అన్నయ్య చివరికి, తలెత్తి గోడ వైపు చూస్తూ. "ఆ రాసింది చెరిపెయ్యి."

ఆమె నిచ్చెన మీద నుంచి కిందికి వంగింది. "ఎందుకన్నయ్యా?"

"మరీ చిన్నదైపోయింది. గోడంతా ఖాళీగా ఉందిగా, వాడుకో. బస్సులో పోయేవాళ్ళకి కూడా కనబడాలి."

చెల్లెలు గుడ్డ తడిపి మొదటి అక్షరం తుడిచేసి, ఈసారి పెద్ద కుంచె తీసుకుంది.