కొమ్మును ముట్టుకోవద్దు

"కొమ్మును చేత్తో ముట్టుకోకండి. ముట్టుకుంటే మొత్తం తాగాలి."

ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అంటానో నాకే తెలియదు. మా ఊళ్ళోకి వచ్చే గవిని దగ్గర, రాతి మెట్ల మీద, తలకి వెండి కిరీటం, మెడలో మూడు వెండి కంటెలు వేసుకుని నిలబడి, గేదె కొమ్ములో బియ్యం సారా పోసి వచ్చేవాళ్ళ పెదాలకి అందిస్తాను. చేతులు వెనక్కి పెట్టుకుని ఓ గుక్క తాగితే చాలు, పైకి వెళ్ళిపోవచ్చు. అయినా షాంఘై నుంచి వచ్చిన పెద్దమనిషెవరో మర్యాద అనుకుని రెండు చేతులా కొమ్ము అందుకుంటాడు. ఇంకేముంది, అందరం పాట అందుకుని ఆఖరి చుక్క దాకా తాగించి గానీ వదలం. మా మియావ్ తెగవాళ్ళ దగ్గర ఇందులో మొహమాటాలు లేవు. ఆ నవ్వులు ఇంకా వినిపిస్తుండగానే నేను కిరీటం తీసి గూట్లో పెట్టి వంటింట్లోకి పరిగెత్తుతాను. స్వాగతం పాడిన నోరే పొయ్యి ఊదాలి మరి. చేపల పులుసు, పొగబెట్టిన పంది మాంసం, జిగురుబియ్యం అన్నం, పన్నెండు గదుల్లో పక్క దుప్పట్లు, అన్నీ నావే.

మా హోమ్‌స్టేకి ఓనరు మా ఆయన గ్వాంగ్‌ఛెంగ్. అందరూ ఆయన్ని "ఓనరుగారూ" అంటారు, నన్ను "అమ్మాయ్, ఇంకొంచెం పులుసు" అంటారు. ఆయన పని కర్రకి బిగించిన ఫోన్లో లైవ్ పెట్టి జనంతో మాట్లాడడం. "ఇది మా వంశంలో తాతలనాటి పులుసండీ" అని గరిటె పైకెత్తి చూపిస్తాడు. ఆ పులుసుకి ప్రాణం మూలనున్న తరవాణి జాడీ. ఆ తరవాణి నేను పెళ్ళయి వస్తుంటే మా అమ్మ వెదురు బొంగులో పోసిచ్చింది. జాడీ మూత చుట్టూ కాలవలాంటి అంచు ఉంటుంది. రోజూ పొద్దున్నే అందులో నీళ్ళు నింపాలి. ఆ నీళ్ళు ఎండిపోతే లోపలికి గాలి దూరి తరవాణి కుళ్ళిపోతుంది. పదకొండేళ్ళుగా నేను నింపుతున్నాను. వంశం వారికి ఆ అంచు ఉందనే తెలియదు.

ఏప్రిల్లో నాన్‌జింగ్ నుంచి ఒక రిటైరైన భూగోళం టీచరమ్మ వచ్చింది. మ్యాపు బల్ల మీద పరిచి, ఎక్కడెక్కడ తిరిగిందో వేలు పెట్టి చూపించింది. డోంగ్ వాళ్ళ డప్పు గోపురాలు, బుయీ వాళ్ళ రాతి ఇళ్ళు, పడమటి కొండల్లో పెద్ద జలపాతం. "ఈ గ్వీజౌ రాష్ట్రంలో పుట్టినదానివి, ఇందులో నువ్వేవి చూశావమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్క బల్ల దగ్గర్నుంచి మా ఆయన, "దానికి ఎక్కడికీ పోవడం ఇష్టం ఉండదండీ" అన్నాడు. ముద్దుగా అన్నాడు, అదే నన్ను ఎక్కువ మండించింది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఎప్పుడన్నానబ్బా ఆ మాట అని వెతుక్కున్నాను. నెలతప్పినప్పుడు బస్సు పడటం లేదన్నానా? పిల్లకి జ్వరమొచ్చినప్పుడు ఇప్పుడు కాదన్నానా? రద్దీ సీజన్లో ఎలా కుదురుతుందిలే అని ఆయనే అంటే ఊఁ కొట్టానా? ఎన్ని గిన్నెలు తోమినా దొరకలేదు. నా ఇష్టం గురించి ఊరంతటికీ తెలిసింది, నాకు తప్ప. ఏడుపు రాలేదు. గట్టిగా నవ్వొచ్చింది.

వారం తిరక్కుండా నేను పుట్టిన ఊరు ఊతోంగ్ నుంచి ఫోన్లో వీచాట్ గుంపుకి కబురొచ్చింది. ఆ ఊరి నుంచి పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపడుచులందరూ ఒకే రోజు తిరిగి రావాలి. మే నెల సెలవుల్లో మూడో రోజు. నూట అరవై మంది. ఊరి మగాళ్ళే వండాలి, ఊరి కోడళ్ళే గవిని దగ్గర కొమ్ము అందించాలి, ఆడపడుచులు కూర్చుని తినాలి. ఆ ఊరి మెట్లు దిగి వచ్చిన తర్వాత నేను నాలుగుసార్లే వెళ్ళాను, నాలుగుసార్లూ ఎవరికో బాగాలేకే. వెనక దారిన పరిగెత్తి వెళ్ళి, సాయంత్రం బస్సుకి పరిగెత్తి రావడం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ముందు గవిని నుంచి అతిథిలా ఎక్కాలనిపించింది. ఎంతగా అనిపించిందంటే, ఆ పూట చేపల్లో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను.

మా ఆయన క్యాలెండరు చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "మూడో తారీకా? ఆ రోజు ముప్ఫై ఎనిమిది మంది గెస్టులు! నువ్వెళ్తే వంటెవరు చేస్తారు?"

"ఓనరుగారు," అన్నాను.

"వేళాకోళాలొద్దు. వచ్చే నెల వెళ్ళు, నేనే దింపుతాను."

"వచ్చే నెల నూట అరవై మంది నాకోసం మళ్ళీ వస్తారా? తాతలనాటి పులుసేగా, మనవడు కాయలేడా?"

పొయ్యి దగ్గర మిరపకాయలు తుంచుతున్న మా అత్త ఆన్యాంగ్ తల ఎత్తకుండానే అంది. "ఆడాళ్ళంతా గుంపు కట్టి పోవడం ఏం చోద్యమో! మా రోజుల్లో పుట్టింటికి పోవాలంటే అక్కడ ఎవరో ఒకరు చావాలి."

అత్తదీ ఊతోంగే. నలభై మూడేళ్ళ కింద ఆ మెట్లు దిగి ఈ మెట్లెక్కింది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. నా తరఫున ఒక్క మాట అంటే సొమ్మేం పోయింది అనుకున్నాను. కానీ ఆ మర్నాటి నుంచి ఆవిడ పక్కవాటుగా ప్రశ్నలు మొదలుపెట్టింది.

"బావి పక్కింటి ఆబావ్ వస్తోందా?"

"వస్తోందట అత్తయ్యా. అరవై ఎనిమిదేళ్ళట."

"అది ఇంకా చావలేదూ!" అని మళ్ళీ మిరపకాయల్లో పడింది. ఇంకో రోజు, "ఏ లంగాలు కట్టుకోవాలంటున్నారు?" అంది. పాత నీలిమందు లంగాలని చెప్పాను. "మీ తరానికి ఆ కుచ్చిళ్ళు పెట్టడం చేతనవుతుందా?" అని మూతి తిప్పింది. నేను అదీ దెప్పిపొడుపే అనుకున్నాను.

వెళ్తానని ఇంకోసారి అడగలేదు. అడిగితే కదా కాదనడానికి. ముందురోజు మధ్యాహ్నం మా ఆయన్ని చెయ్యి పట్టుకుని జాడీ దగ్గరికి తీసుకెళ్ళి అంచు చూపించాను. "పొద్దున్నే నీళ్ళు నింపాలి. పొంగకూడదు, ఎండకూడదు." ఆయన జాడీ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎప్పట్నించి ఉంది?" అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు.

మూడో తారీకు పొద్దున నా లంగా కట్టుకుని, కిరీటాన్ని బుట్టలో సర్దుకుని బయటికొచ్చాను. గెస్టుల కోసం కాకుండా ఆ కిరీటం బయటికి తీయడం పెళ్ళి తర్వాత అదే మొదలు. గుమ్మంలో మా ఆయన అడ్డంగా నిలబడ్డాడు. కోపం కంటే భయం ఎక్కువగా కనిపించింది మొహంలో. "అమ్మా, నువ్వైనా చెప్పు!" అని లోపలికి కేకేశాడు.

అత్త మేడ మీంచి దిగింది. కర్పూరం వాసనొచ్చే నీలిమందు లంగా, ఒక్క కుచ్చిలి కూడా చెదరలేదు. చంకలో పుట్టింటికని బతికున్న బాతు. నన్ను ఎగాదిగా చూసి, "జాడీ అంచు వాడికి చూపించావా?" అంది.

"చూపించాను."

"అయితే పద. బస్సు పోతుంది."

మా ఆయన గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఇద్దరూ పోతారా? గెస్టులు అడిగితే ఏం చెప్పను?"

"మాకు ఎక్కడికీ పోవడం ఇష్టం ఉండదని చెప్పు," అంది మా అత్త. బాతు కూడా ఏదో అంది.

అంటే టీచరమ్మతో మా ఆయన అన్న మాట ఆ రోజు పొయ్యి దగ్గర్నుంచి ఈవిడ విన్నదన్నమాట! విని, మూడు వారాలు మూటగట్టి ఉంచింది. బస్సు రెండు గంటలూ కొండ మలుపుల్లో ఊగుతూ పోయింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంటానని పంతం పట్టి, కనిపించిన ప్రతి వాగు పేరూ చెప్పింది. నాకు ఆవిడ మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఊతోంగ్ మెట్ల కింద నూట అరవై నీలి లంగాలు. ఆబావ్ ముసలమ్మ చేతికర్ర ఊపుతూ వచ్చి, "ఆన్యాంగ్! నువ్వింకా చావలేదే!" అని అత్తని వాటేసుకుంది. ఇద్దరూ ఒకరి జడ ఒకరు లాగి నవ్వుతుంటే ఆవిడ నా అత్త అనే సంగతి కాసేపు మర్చిపోయాను. పైన వంట పొగలో మా తమ్ముడు ఆప్రన్ కట్టుకుని, సగం కాలిన కనుబొమ్మలతో, "అక్కా, మాంసం కొంచెం మాడింది, ఏమీ అనొద్దు!" అని అరిచాడు.

గవిని దగ్గర పాట మొదలైంది. కొండలు దాటి వచ్చిన చుట్టమా, కాళ్ళు నొప్పులా, కూర్చో, నీకోసమే అన్నం వండాం అనే పాట. పదకొండేళ్ళుగా రోజూ నేను పాడే పాటే. ఎదుట నిలబడి వినడం మాత్రం అదే మొదటిసారి. ఇంత మంచి పాట అని నాకు తెలియనే తెలియదు. ఏడ్చేశాను, నవ్వుతూనే.

మా తమ్ముడి భార్య కొమ్ము నా పెదాల దగ్గరికి తెచ్చింది. "వదినా, నీకు నేను చెప్పాలా? చేత్తో ముట్టుకోకు. ముట్టుకుంటే మొత్తం తాగాలి."

సరిగ్గా అప్పుడే నా బుట్టలో ఫోను మోగింది. మోగి ఆగి, మళ్ళీ మోగింది. అత్త వంగి ఫోను తీసింది. అవతల్నుంచి మా ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది. "అంచులో నీళ్ళు ఎంతవరకు పొయ్యాలి? పులుసులో టమాటాలు ముందా, చేప ముందా? దానికి ఒక్కసారి ఫోనివ్వమ్మా!"

అత్త నా వైపు చూసింది. చూసి, ఫోన్లో తాపీగా అంది. "కుదరదురా. దాని చేతులు ఖాళీగా లేవు."

నిజమే. కొమ్మును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.